నా భయం నాకుండనివ్వండి

ఆ పరిశోధనశాలలో ఆమెకి పెట్టిన పేరు ఎలుకలమ్మ. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఒక్క క్షణం ఆలోచించి గాని వెనక్కి తిరిగేది కాదు. పొద్దున్నే బోనుల గదిలోకి తొంగిచూసి, "ఏరా, నిద్ర పట్టిందా?" అని ఎలుకల్ని పలకరించాకే తెల్లకోటు తొడుక్కునేది.

"కన్నబిడ్డల్ని కూడా ఇంత ముద్దుగా ఎవరూ అడగరమ్మా. కాకపోతే కన్నబిడ్డలకి కరెంటు పెట్టరనుకో," అని గాజుసామాను చూసుకునే బాబాయి నవ్వేవాడు. ఆయన ఆమెకి చుట్టమేమీ కాదు. ఆ అంతస్తులో అందరికీ బాబాయే.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆమె పనే భయం. బోనులో గంట మోగిస్తారు. వెంటనే ఎలుక అరికాలికి చురుక్కుమనేంత కరెంటు తగులుతుంది. మర్నాడు కరెంటు ఉండదు, గంట ఒక్కటే మోగుతుంది. అయినా ఎలుక కొయ్యబారిపోతుంది. రాత్రికి రాత్రి ఆ చిటికెడు మెదడులో ఏం మారిందన్నదే ఆమె ఏళ్ళ తరబడి వెతుకుతున్న సంగతి. మెదడు లోపల బాదంగింజ ఆకారంలో ఒక ముక్క ఉంటుంది. దాన్ని అమిగ్డాలా అంటారు. గంట కబురూ నొప్పి కబురూ అక్కడి ఒకే కణానికి ఒక్కసారే అందితే, కణం గోడలో సన్నని దారులు తెరుచుకుని కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. అది కొన్ని ఎంజైములను పనికి పురమాయిస్తుంది. ఆ కబురు కణం నడిబొడ్డు దాకా పోయి ఊరకే పడి ఉన్న జన్యువులను తట్టిలేపుతుంది. జన్యువులు కొత్త ప్రోటీన్లు తయారు చేయిస్తాయి. ఆ ప్రోటీన్లు కణానికీ కణానికీ మధ్య అతుకును గట్టిపరుస్తాయి. ఇక గంట అంటే నొప్పే.

ఆమెకి పేరు తెచ్చిపెట్టింది మాత్రం దాని తర్వాతి ముచ్చట. దాన్ని ఒకసారి ఇంట్లో అత్తగారికి విడమరిచి చెప్పింది. అత్తగారు ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధి వీధంతటికీ బట్టలు కుట్టే మనిషి. కొడుకు సరుకు ఓడలో ఇంజనీరు, ఏడాదిలో సగం నీళ్ళ మీదే ఉంటాడు. అందుకని ఇంట్లో అత్తాకోడళ్ళకి ఒకరికొకరే దిక్కు.

"గట్టిపడిన జ్ఞాపకం కూడా తలుచుకున్నప్పుడు కాసేపు వదులవుతుంది అత్తయ్యా. బిగుతైన బట్ట సరిచెయ్యడానికి మీరు కుట్టు విప్పుతారు చూడండి, అలా. మళ్ళీ కుట్టాలంటే దారం కావాలిగా. మెదడుకి ఆ దారం ప్రోటీన్లు. ఆ కొద్ది గంటల్లో దారం అందకుండా మందిస్తే కుట్టు వదులుగానే మిగిలిపోతుంది. జరిగింది గుర్తుంటుంది, గుండె మాత్రం దడదడలాడదు."

"మీ మావగారిని తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె మండుతుంది. దానికేమైనా పనికొస్తుందేమో చూడు," అంది అత్తగారు సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఎలుకల్లో పనిచేసింది మనుషుల్లో పనిచేస్తుందో లేదో చూడడానికి ఆ ఏడే అనుమతి వచ్చింది. గుండెదడకి ఎప్పటినుంచో వాడుతున్న ఒక మాత్రనే, భయపడ్డ సంగతి తలుచుకున్న వేళకి సరిపడేలా ఇచ్చి చూడాలి. కొందరికి మేలు చేసింది, కొందరికి చెయ్యలేదని వేరేచోట్ల నుంచి వార్తలు. ఆమె పెద్ద ఆశలు పెట్టుకోలేదు గాని, పెట్టుకోకుండానూ లేదు.

సరిగ్గా ఆ సమయంలోనే అగ్గి పుట్టింది.

మెదడు ముక్కలను పల్చని పొరలుగా కోసే గది అది. ఒక చివర ఆమె బల్ల, బల్ల వెనక అత్యవసర తలుపు, రెండో చివర మామూలు తలుపు, మధ్యలో పాత ఫ్రిజ్. ఫ్రిజ్ పక్కన స్పిరిటు డబ్బా మూత సరిగా బిగియలేదు. ఫ్రిజ్ వెనక వైరు ఎక్కడో చిటపటమంది. ఆమె తలెత్తేసరికి గదికి అడ్డంగా నీలంరంగు మంట లేచి నిలబడింది. ఆమె వెనక్కి తిరిగి అత్యవసర తలుపు అడ్డకడ్డీని రెండు చేతులా తోసింది. తలుపు నాలుగు వేళ్ళ మందం తెరుచుకుని ఆగిపోయింది. బయట ఏదో ఖణేల్మంది. భుజంతో గుద్దింది. మళ్ళీ ఖణేల్. ఆ సందులోంచి మెట్లమీది చల్లగాలి ముఖానికి తగులుతోంది, మనిషి మాత్రం పట్టదు. ఆ సందుకి నోరు ఆనించి గాలి పీలుస్తూ అరిచింది. ఆ తర్వాత మంటలోంచి తడిగోనె కప్పుకుని బాబాయి రావడం, ఆమెని చంకకింద ఇరికించుకుని వచ్చిన దారినే లాక్కుపోవడం, అంతా ముక్కలుముక్కలుగా గుర్తుంది.

ఆమెకి జుట్టు చివర్లు కాలాయి, ఊపిరితిత్తుల్లోకి పొగ చేరింది. బాబాయి చేతులు రెండూ మోచేతుల దాకా కాలాయి.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక తెలిసింది, అసలు బాధ అప్పుడు మొదలైందని. చేతులు తుడుచుకునే ద్రవం వాసన తగిలితే చాలు, అరచేతులు చెమటలు పట్టేవి. ఏ గది తలుపూ వేసుకోలేకపోయింది. స్నానానికి వెళితే అత్తగారు బయట పీట వేసుకుని, వీధిలోవాళ్ళ నడుముల కొలతలు ఎవరివెంత పెరిగాయో గట్టిగా చదువుతూ కూర్చునేది. లోపలినుంచి నవ్వు వినిపిస్తే ఆవిడకి ధైర్యం.

ఇంతలో పిడుగులాంటి కబురు. బాబాయిని పనిలోంచి ఆపేశారు. స్పిరిటు డబ్బా మూత పెట్టకపోవడం ఆయన నిర్లక్ష్యమేననీ, వైద్యం ఖర్చులు కూడా సంస్థ భరించదనీ అన్నారు. విచారణకి ఒక కమిటీ వేశారు.

"డబ్బా నేనే వాడానమ్మా, మూత బిగించానో లేదో ఒట్టేసి చెప్పలేను," అన్నాడు బాబాయి ఆస్పత్రి మంచం మీద, కట్లు కట్టిన చేతులు దిండ్ల మీద పెట్టుకుని. "తప్పుంటే ఒప్పుకుంటాను. కానీ ఆ తలుపు తీసుంటే నువ్వు బయటపడేదానివి, నేను లోపలికి రావలసిన పనే ఉండేది కాదు."

"తలుపు సంగతి నేను చెబుతాను బాబాయ్."

"వాళ్ళు తలుపు తెరిచే ఉందంటున్నారు."

ఆ మాట నిజమో కాదో తేలకముందే డైరెక్టరు గారు ఇంటికొచ్చారు. మెత్తని మనిషి. మందలించినా మిఠాయి పెట్టినట్టే ఉంటుంది. అత్తగారు ఇచ్చిన టీ తాగుతూ, ఆమె కళ్ళకింద నలుపు చూసి నొచ్చుకున్నారు.

"మన మాత్ర మన దగ్గరుండగా మీరిలా బాధపడటమేంటమ్మా? పరీక్షలో మొదటి మనిషిగా మీరే చేరండి. విచారణ ఎల్లుండి. రేపే మొదలుపెడదాం. ప్రశాంతంగా వచ్చి మాట్లాడొచ్చు."

ఆమెకి నిజంగానే ఆశ పుట్టింది. ఒక్క పూట, ఒక్క మాత్ర. తలుపు వేసుకుని స్నానం చెయ్యొచ్చు.

"విచారణ అయ్యాక చేరతాను సర్."

"ముందే అయితే మీకే మంచిది. ఎందుకంటే..." ఆయన కప్పు కింద పెట్టారు. "తలుపు తెరుచుకోలేదని మీరు ఆస్పత్రిలో అన్నారట. ఆ తలుపుకి తాళం లేదమ్మా. కంగారులో మీరు తొయ్యాల్సింది లాగి ఉంటారు. అంత భయంలో ఎవరికైనా అంతే. మీకు నేను చెప్పాలా?"

"తోశాను సర్."

"తోశానని మీకు గుర్తు. గుర్తుకీ జరిగినదానికీ ఎంత దూరమో ప్రపంచానికి చెప్పింది మీరేగా."

ఆమెకి తన సొంత పనిని తనమీదకే కత్తిలా తిప్పుతున్నాడని అర్థమైంది.

"భయం మందు వేసుకుని వచ్చిన మనిషి ఆ భయం గురించే సాక్ష్యం చెబితే, దాన్ని ఎవరైనా నమ్ముతారా సర్?"

ఆయన టీ కప్పు మళ్ళీ అందుకున్నారు.

"అందుకే ఎల్లుండి దాకా నా భయం నాకుండనివ్వండి. దాని జోలికి మీరు రావద్దు, నేనూ పోను."

డైరెక్టరు గారు వెళ్ళాక అత్తగారు కప్పు తీస్తూ, "ఉద్యోగం ఊడుతుందేమోనే," అంది.

"ఊడనివ్వండి."

"ఊడితే మిషను తొక్కడం నేర్పుతాలే. నీకు కుదురు తక్కువ, కాలరు కుట్టడం రాదు. గుండీలు కుట్టుకుందువుగాని."

మర్నాడు మధ్యాహ్నం ఆమె పరిశోధనశాలకి వెళ్ళింది. ఆ తలుపుని ఒకసారి కళ్ళారా చూసుకోవాలనుకుంది. మామూలు దారిలో వెళితే అందరూ పలకరిస్తారని వెనకమెట్లు ఎక్కింది. ఒక్కో అంతస్తు దాటుతున్నకొద్దీ నోట్లో తడి ఆరిపోతోంది. కాలిన అంతస్తుకి ఇంకా ఒక మలుపుందనగా మసివాసన తగిలింది. తల పైకెత్తి చూస్తే కొత్త తలుపు, ఆకుపచ్చ రంగు ఇంకా నిగనిగలాడుతోంది. కాలిన తలుపు ఎప్పుడో మాయమైంది. దగ్గరికి వెళ్ళాలని ఎంత ప్రయత్నించినా కాలు మెట్టు మీదకి లేవలేదు. తనమీద తనకే కోపం వచ్చి అక్కడే, కింది అంతస్తు మెట్ల మీద, కూలబడింది.

కూలబడి ఊపిరి కూడదీసుకుని పక్కకి తిరిగితే, ఆ అంతస్తు అత్యవసర తలుపు కనిపించింది. పాతదే. బయటివైపు పిడికీ మెట్ల కమ్మీకీ కలిపి లావాటి గొలుసు చుట్టి ఉంది. గొలుసుకి తాళం.

అప్పుడు గుర్తొచ్చింది. కిందటేడు స్పిరిటు డబ్బాలు దొంగతనంగా తరలిపోతున్నాయని పెద్ద గొడవ జరిగింది. తలుపులన్నీ కట్టుదిట్టం చేశామని భద్రతాధికారి గొప్పగా చెప్పుకున్నాడు. కట్టుదిట్టం అంటే ఇదన్నమాట. కాలిన అంతస్తులో తలుపు మార్చేశారు గాని, మిగతా అంతస్తుల ధ్యాస ఎవరికీ లేదు.

ఫోను తీసి ఫోటో తియ్యబోయి ఆగింది. ఫోటో చూపిస్తే ఎప్పటిదో అంటారు. ఈలోగా గొలుసుకి కాళ్ళొస్తాయి. ఫోను సంచిలో పడేసి, మాట్లాడకుండా మెట్లు దిగింది.

విచారణ మర్నాడు నేలంతస్తు సమావేశపు గదిలో. కమిటీకి పెద్ద ఒక రిటైరైన జడ్జి. చెవికి మిషను పెట్టుకున్న ముసలాయన, ప్రతి మాటా రెండుసార్లు అడుగుతాడు. ఒకపక్క డైరెక్టరు గారు, భద్రతాధికారి. గది తలుపు తెరిచే ఉంచమని ఆమె అడిగితే ఉంచారు. ఆ మాత్రానికే ఆమె వైపు జాలిగా చూశారు.

ఆమె జరిగింది చెప్పింది. డైరెక్టరు గారు ఆమె రాసిన వ్యాసం తీసి, మెల్లగా, ప్రేమగా చదివారు. తలుచుకున్న ప్రతిసారీ జ్ఞాపకం వదులై, మళ్ళీ గట్టిపడుతుందని. ఆ మధ్యలో కొత్త సంగతులు వచ్చి చేరవచ్చని.

"ఇది మీరు రాసిందేనా?"

"నేనే రాశాను."

"ఈ నెలంతా ఆ మంటను ఎన్నిసార్లు తలుచుకుని ఉంటారు?"

"లెక్కలేదు. నిద్రలో కూడా."

"అంటే అన్నిసార్లూ ఆ జ్ఞాపకం మారే వీలుందనేగా?"

జడ్జిగారు చెవి మిషను సరిచేసుకుని ఆమె వైపు వంగారు. అందరూ ఆమె బుకాయిస్తుందనో, ఏడుస్తుందనో చూస్తున్నారు.

"ఉంది," అంది ఆమె. "నేను తోశాననుకుంటున్నది లాగడమే కావచ్చు. ఖణేల్మన్న చప్పుడు నా మెదడు తర్వాత అతికించుకున్నదే కావచ్చు. నా జ్ఞాపకం ప్రోటీన్లతో కట్టింది, అది మారుతుంది. నా మాట నమ్మమని నేను అడగట్లేదండీ. తలుపు మాత్రం ఇనుముతో చేసింది, అది తలుచుకుంటే మారేది కాదు. తలుపుని అడుగుదాం రండి."

"ఏ తలుపు?" అన్నారు డైరెక్టరు గారు. "ఆ తలుపు కాలిపోయి, మార్చేశాం కదమ్మా."

"పైది మార్చారు. దాని కిందది అలాగే ఉంది. ఆ తలుపుకి తాళం లేదన్నారుగా, దీనికీ ఉండకూడదు. ఇప్పుడే, అందరం కలిసే వెళ్దాం. ఎవరూ ఫోను ముట్టుకోవద్దు."

భద్రతాధికారి జేబులోకి పోతున్న చెయ్యి బయటికి వచ్చేసింది. జడ్జిగారు అది చూశారు. చూసి కర్ర అందుకుని లేచారు.

కాలిన గదికి కింది అంతస్తు రసాయనాలు దాచే చోటు. నడవాలో అడుగు పెట్టగానే స్పిరిటు వాసన ముక్కుని పట్టుకుంది. ఆమె చెవుల్లో రక్తం హోరెత్తింది. అరచేతులు తడిసిపోయాయి. బాదంగింజంత ముక్క లోపల కూర్చుని పారిపో, పారిపో అని మొత్తుకుంటోంది. దాన్ని ఏ పేరుతో పిలవాలో, అందులో ఏ ద్వారం తెరుచుకుంటే ఏది లోపలికి పోతుందో ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన ఆగేది కాదని కూడా తెలిసింది.

జడ్జిగారు ఆమె ముఖం చూసి, "మీరిక్కడే ఉండండమ్మా, మేం చూస్తాం," అన్నారు.

"లేదండీ. నేనే తోస్తాను. తోశానో లాగానో మీరంతా చూడండి."

కడ్డీ మీద రెండు చేతులూ వేసింది. చేతులు కడ్డీ మీద టకటకలాడుతున్నాయి. దాచుకునే ప్రయత్నం చెయ్యలేదు. ఒంటి బరువంతా వేసి తోసింది. తలుపు నాలుగు వేళ్ళ మందం తెరుచుకుని, ఖణేల్మని ఆగింది.

జడ్జిగారు కర్ర గోడకి ఆనించి ముందుకొచ్చి తనూ తోశారు. ఖణేల్. సందులోకి కన్ను పెట్టి చూశారు.

"తాళంచెవి ఎక్కడ?"

భద్రతాధికారి చొక్కా జేబు తడిమాడు, ప్యాంటు జేబులు తడిమాడు. "గేటు దగ్గర మనిషి దగ్గరుందండీ. భోజనానికి వెళ్ళాడు. వచ్చేస్తాడు."

"మంట అంతదాకా ఆగదండీ," అంది ఆమె.

గేటు మనిషి పళ్ళు కుట్టుకుంటూ వచ్చి తాళం తీసేదాకా అందరూ అక్కడే నిలబడ్డారు. నిలబడాల్సిందేనన్నారు జడ్జిగారు. డైరెక్టరు గారు దొంగతనాల గురించి ఏదో మొదలుపెట్టి, మధ్యలోనే మింగేశారు. ఆమె తలుపుకి వీపు ఆనించి నిలుచుంది. గుండె చాలాసేపు దడదడలాడింది. కొట్టుకోనీ అనుకుంది.

కమిటీ తన తీర్పు రాసింది. డబ్బా మూత విషయంలో బాబాయిని హెచ్చరించి వదిలేశారు. వైద్యం ఖర్చూ, ఆగిన జీతమూ సంస్థే ఇవ్వాలన్నారు. అన్ని అంతస్తుల గొలుసులూ ఆ వారమే తీసేశారు. భద్రతాధికారిని ఇంటికి పంపారు. గొలుసు వెయ్యమన్న ఉత్తర్వు మీద సంతకం ఎవరిదో అందరికీ తెలుసు, అయినా డైరెక్టరు గారు కుర్చీలోంచి కదల్లేదు. కదల్లేదు సరికదా, మనుషుల మీద మాత్ర పరీక్షను ఆమె నుంచి తీసి మరొకరికి అప్పగించారు. ఆరోగ్యం కుదుటపడేదాకా విశ్రాంతి అవసరమని.

"ఇక ఇప్పుడు ఆ మాత్ర నువ్వే వేసుకోవచ్చుగా?" అంది అత్తగారు. "పని అయిపోయిందిగా భయంతో."

"వేసుకోవచ్చు. మంచి మాత్రే. ఎప్పుడైనా నాకనిపిస్తే వేసుకుంటాను. వాళ్ళకి అనిపిస్తే కాదు."

అప్పటికి ఆమె ఇంకో దారి పట్టింది. బోనులో గంట మోగుతూ, నొప్పి రాకుండా ఉంటే, మెల్లమెల్లగా ఎలుక గంటకి బెదరడం మానేస్తుంది. పాత జ్ఞాపకం చెరిగిపోయి కాదు. గంట మోగినా ఏమీ కాదన్న కొత్త జ్ఞాపకం, దాని సొంత ప్రోటీన్లతో, పాతదాని మీద బైఠాయించి నోరు నొక్కుతుంది. తనూ రోజూ బాబాయితో కలిసి మంట పుట్టిన కోత గదికి వెళ్ళింది. మొదట గుమ్మం దగ్గర, తర్వాత కొత్త ఫ్రిజ్ దాకా, తర్వాత స్పిరిటు మూత తీసి వాసన చూసేదాకా. బాబాయి చేతులు పూర్తిగా ముడుచుకోవు, సన్నని గాజుగొట్టాలు పట్టుకోలేడు. మూతలు బిగించే పని మాత్రం ఎవరికీ ఇవ్వనన్నాడు. అరచేత్తో అదిమి తిప్పి, తలకిందులుగా పట్టి చూసి, అప్పుడు గాని బల్ల మీద పెట్టడు.

గెలిచాననుకున్న రోజున ఊరెళ్ళింది. సెలవు ముగించుకుని తిరిగొస్తే భయం గుమ్మంలోనే కూర్చుని ఉంది, ఎక్కడికీ పోనట్టు. ఆమె ఎలుకలూ ఇంతే చేస్తాయి. విరామం ఇస్తే పాతది మళ్ళీ తలెత్తుతుంది. ఎన్నో వ్యాసాల్లో ఆమె దాన్ని ఒక గీతగా గీసి చూపించింది. ఇప్పుడు ఆ గీత తన ఒంట్లో ఎగబాకుతుంటే, గుమ్మం పట్టుకుని నిలబడి, పళ్ళు బిగించి నవ్వింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు బాబాయ్. మళ్ళీ మొదట్నుంచి."

"సరే పద. నాకు మాత్రం వేరే పనేముంది."

ఆ చలికాలంలో ఆమె తిరిగి కోత బల్ల దగ్గర కూర్చుంది. చేతులు వణికి మొదటి పొరలన్నీ చిరిగిపోయాయి. చిరిగినవి పారేసి మళ్ళీ కోసింది. ఒకనాటికి ఒకటి నిలిచింది. దానికి రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, పక్కకి జరిగి బాబాయిని పిలిచింది. ఆయన ఒక కన్ను మూసి వంగాడు. నల్లటి నేపథ్యంలో పచ్చగా వెలుగుతూ పిడికెడు చుక్కలు.

"ఇవేంటి?"

"గంట విన్నప్పుడు మేలుకున్న కణాలు. ఈ ఎలుక భయం."

బాబాయి చాలాసేపు చూశాడు.

"ఇంత చిన్నదా?"

"చూడ్డానికి చిన్నదే బాబాయ్," అని ఆమె రెండో పొర అందుకుంది.